శేషాచల మూలికలు - హృదయ రక్షణ



శేషాచలము పుణ్యక్షేత్రము మాత్రమే గాదు, ఓషధులకు పుట్టినిల్లు కూడ. అచటి తెల్లకరక చెట్టు తూర్పు కనుమల దక్షిణ భాగమున తప్ప వేరెచ్చటను సహజముగా పెరుగదు. కరక్కాయ, తానికాయ, తెల్లమద్ది దీని జాతివే. తెల్లమద్ది పట్టను ఆయుర్వేద వైద్యులు చిరకాలముగా గుండెజబ్బులకు వాడుచున్నారు.

కొలెస్టరాల్ అను కొవ్వుపదార్థము విషము గాదు. శరీర కణముల నిర్మాణమునకు అది అవసరము. రక్తమున మితిమీరినపుడు మాత్రము ధమనుల గోడలయందు చేరి దారిని ఇరుకు చేయును. కాలువ పూడినచో చివరి మడికి నీరందనట్లే, అపుడు గుండెకండరమునకు రక్తమందదు.

తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు తెల్లకరక కాయల సారమును ఎలుకలపై పరీక్షించి, ఫలితములను 2012లో ప్రకటించిరి. ముందుగా సారమిచ్చి, పిదప ఒక మందుతో గుండెకు గాయము కలిగింపగా, సారము పుచ్చుకొన్న ఎలుకలకు హాని తక్కువయ్యెను. ఇది ఆశాజనకమే. కాని ఎలుకకు పట్టినది మనుష్యునికి పట్టునని నమ్మరాదు. ప్రయోగశాలలో కొలిచి తీసిన సారము వేరు, ఇంటి పొయ్యిమీద కాచిన కషాయము వేరు.

ఇందుకు గుగ్గులు కథయే నిదర్శనము. సుశ్రుత సంహితలోని మాటల ననుసరించి డాక్టర్ జి.వి. సత్యవతి కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఆ బంకను కుందేళ్లపై పరీక్షింపగా కొలెస్టరాల్ తగ్గెను. 1966 నాటి ఆ పరిశోధన పేరుగాంచెను, మందును అంగళ్లకు వచ్చెను. కాని 2003లో ప్రకటితమైన అమెరికా పరీక్షలో 103 మంది పాల్గొనగా, ఎనిమిది వారములు గుగ్గులు వాడినవారికి చెడు కొలెస్టరాల్ తగ్గకపోగా కొంత పెరిగెను. కొందరికి ఒంటిపై దద్దురులు లేచెను.

కావున వైద్యుడిచ్చిన మాత్రలు మాని మూలికలను నమ్ముకొనుట ప్రాణాపాయము. మూలిక వాడువారు ఆ సంగతి వైద్యునికి దాచక చెప్పవలెను. కొన్ని మూలికలు మాత్రల పనిని చెరచును. రొమ్మున బరువు, చేతికి ప్రాకు నొప్పి, చెమట కలిగినచో కషాయము కాచుచు కూర్చుండక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

అట్లని పెద్దల యెరుక వ్యర్థము గాదు; పరిశోధకునికి మొదటి దారి చూపునది అదియే. గ్రామమున ఆకుపసరు లెరిగినవారు చెప్పు చెట్టు పేరు, వాడు భాగము, వాడు విధము ఒక పుస్తకమున వ్రాయించి ఈ గ్రంథాలయమున భద్రపరచుట మేలు. శేషాచల వనములు 2010లో జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడినవి. పట్ట యొలిచి, కొమ్మలు నరికి చెట్టును చంపకుండుట మన వంతు. పరీక్షలు ముగియకమునుపే చెట్టు నశించినచో, దాని గుణమేమో లోకమునకు ఎన్నటికిని తెలియదు.