కూర్చున్న చోటే కాళ్లకు పని
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డాక్టర్ని కాబట్టి బీపీ, షుగర్ల గురించి చెబుతానని అనుకుంటున్నారేమో. అవి చెప్పేవాళ్లు మీకు ఇంటింటా ఉన్నారు. నేను కాళ్ల గురించి మాట్లాడతాను. మనలో చాలామంది రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చారు. కొందరు అమెరికా నుంచి 20 గంటలకు పైగా ప్రయాణం చేసి వచ్చారు. మళ్లీ అలాగే కూర్చుని వెళ్లాలి. మన మొదటి బ్యాచ్ వాళ్లకు 65 ఏళ్లు!

గుండె రక్తాన్ని పాదాల దాకా పంపుతుంది. దాన్ని తిరిగి పైకి ఎక్కించడంలో పెద్ద పాత్ర పిక్క కండరాలది. నడిచినప్పుడు పిక్క బిగిసి లోపలి సిరలను నొక్కుతుంది, రక్తం పైకి పోతుంది. సిరల్లోని కవాటాలు దాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఈ పంపు పని చేయదు. కొందరిలో లోపలి సిరలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇది విమానాల వల్ల వచ్చిన జబ్బు కాదు. 1940లో లండన్‌పై బాంబులు పడుతున్న రోజుల్లో, ఆశ్రయాల్లో రాత్రంతా కుర్చీల్లో గడిపినవాళ్లలో ఇలాంటి మరణాలు సంభవించాయని కీత్ సింప్సన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో రాశారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంతో ఈ ముప్పు సుమారు రెండింతలవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. బస్సయినా, రైలయినా, కారయినా అంతే. అయినా ఆరోగ్యవంతుల్లో దాదాపు 6,000 మందిలో ఒకరికే వస్తుంది. భయం వద్దు, జాగ్రత్త చాలు.

ఇప్పుడు అందరూ కూర్చున్న చోటే నాతో పాటు చేయండి. గురువుగారూ, మీరు కూడా!

ఒకటి: కాలివేళ్లు నేలకు ఆనించి మడమలు లేపండి. తర్వాత మడమలు ఆనించి వేళ్లు పైకి లేపండి. పది సార్లు.

రెండు: ఒక పాదం కాస్త ఎత్తి చీలమండను గుండ్రంగా తిప్పండి. ఇటు అయిదు, అటు అయిదు. తర్వాత రెండో పాదం.

మూడు: ఒక్కో మోకాలిని కొంచెం పైకి ఎత్తి దించండి. ముందు చోటుంటే కాలు చాపి, తొడ బిగించి, అయిదు లెక్కపెట్టి వదలండి.

మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రయాణంలో మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి ఇలా చేయండి. గడ్డ కట్టనే కట్టదని హామీ ఇవ్వలేను గానీ, రక్తం కదులుతుంది, పాదాల వాపు తగ్గుతుంది. వీలున్నప్పుడు లేచి నాలుగడుగులు వేయండి. కాళ్ల దగ్గర సంచులు పెట్టుకోకండి. కాలు మీద కాలు వేసుకుని ఎక్కువసేపు కూర్చోకండి. నిద్రమాత్రలు వద్దు.

అక్కాచెల్లెళ్లకు ఒక మాట. దారిలో బాత్రూమ్ దొరకదని పొద్దుటినుంచి నీళ్లు మానేసి బస్సెక్కుతారు. తప్పు మీది కాదు, కానీ ఒళ్లు మీది. దాహం తీరేంతైనా తాగండి. బస్సు ఎక్కడ ఆగుతుందో ముందే అడగండి. ఆగిన ప్రతిచోటా దిగండి.

గతంలో గడ్డ కట్టినవాళ్లు, ఇటీవల ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, గర్భిణులు, హార్మోన్ మాత్రలు వాడేవాళ్లు ప్రయాణానికి ముందు డాక్టర్ని కలవాలి. బిగుతు మేజోళ్లు అవసరమా, మందు కావాలా అన్నది ఆయన చెబుతారు. సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకండి.

చివరగా, అన్నిటికంటే ముఖ్యమైనది. నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చారు. రాత్రి బస్సు దిగాక ఒక పిక్క వాచింది. బెణికిందనుకుని ఇంట్లోవాళ్లు ప్రేమగా నూనె రాసి నాలుగు రోజులు మర్దన చేశారు. అయిదో రోజు ఊపిరి ఆడలేదు. అదృష్టం, బతికారు. ప్రయాణం తర్వాత కొన్ని వారాల వరకూ, ఒక్క కాలే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే పిసకకండి, మర్దన చేయకండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆయాసం, గుండెల్లో నొప్పి, దగ్గితే రక్తం కనిపిస్తే క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ మాట మీ ఇంట్లో కాళ్లు పట్టే మనవలకు కూడా చెప్పండి. సెలవు.