కాడ్ మత్స్యముల కులగోత్రములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



కాడ్ అను మాట తెలుగునాట మందుసీసా మీది మాట. బలహీనులగు పిల్లలకు త్రాగించు కాడ్ లివర్ ఆయిల్ ఆ చేప కాలేయమునుండి తీసిన నూనెయే. చేప మాత్రము ఇచ్చటి సంతలలో కానరాదు. అది ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రపు చల్లని నీటిలో వసించును. ఐరోపావారు శతాబ్దములుగా దానిని ఎండబెట్టియు, ఉప్పులో ఊరబెట్టియు నిలువచేసికొని భుజించిరి. ఇంత పేరుగన్న చేపకు చుట్టములెవ్వరని అడిగినచో, సరియైన సమాధానము దొరకుటకు రెండున్నర శతాబ్దములు పట్టినది.

కాడ్ చేపకు వీపుపై మూడు రెక్కలు, అడుగున తోకవైపు రెండు రెక్కలు, గడ్డమునకు ఒక చిన్న మీసము నుండును. రెక్కలలో ముల్లుండదు. పొట్టరెక్కలు ముందునకు జరిగి గొంతుక్రిందికి వచ్చియుండును. పూర్వపండితులు ఈ గురుతులను బట్టియే దాని వంశమును నిర్ణయింప బూనిరి.

మత్స్యశాస్త్రమునకు పునాది వేసినవాడు స్వీడను దేశీయుడగు పీటర్ ఆర్టెడి. అతడు 1735లో, ముప్పది యేండ్ల ప్రాయమున, ఆమ్‌స్టర్‌డామ్ నగరములో ఒక రాత్రి కాలువలో పడి మరణించెను. బస బాకీ క్రింద అతని వ్రాతప్రతులను ఇంటియజమాని పట్టుకొనెను. క్లిఫర్డ్ అను ధనికుడు ఆ బాకీ తీర్పగా, మిత్రుడగు లిన్నేయస్ వానిని విడిపించి 1738లో అచ్చువేయించెను. ఆ లిన్నేయసే 1758లో కాడ్ చేపకు గాడస్ మోర్హువా అని నామకరణము చేసి, గొంతుక్రింద రెక్కలుగల చేపల వరుసలో చేర్చెను.

అటుపిమ్మట 19వ శతాబ్దిలో జర్మనీ పండితుడగు యోహానెస్ మ్యూలర్ రెక్కలలో ముల్లు లేకుండుటను ప్రధాన లక్షణముగా గైకొనెను. అందుచే రెండు కన్నులును ఒకే ప్రక్కనుండు పలుచని బల్లపరుపు చేపలు కాడ్‌తో ఒకే పంక్తిలో కూర్చుండవలసి వచ్చినది. 1862లో లండనులోని బ్రిటిష్ మ్యూజియము చేపల పట్టికను కూర్చిన గుంతర్ కూడ ఆ రెండు తెగలను కలిపియే ఉంచెను. తరువాతివారు వానిని విడదీసిరి. మరల 1966లో నలుగురు పండితులు చేపలన్నింటి వర్గీకరణమును తిరుగవ్రాయుచు, తలపై గాలము వంటి పోగుతో ఎరచూపి వేటాడు చేపలను, కప్పవంటి మోముగల చేపలను కాడ్‌కు జ్ఞాతులుగా చేర్చిరి. ఈ మూడును అస్థినిర్మాణమున కొంత పోలియుండుటయే దీనికి ఆధారము.

ఇంటిపేరు ఒకటైనంతమాత్రమున ఇరువురు జ్ఞాతులు కారు. రూపము కలిసినంతమాత్రమున చేపలును కావు. దీనికి ధ్రువముల యొద్ద గొప్ప నిదర్శనమున్నది. అచ్చటి సముద్రజలము సున్న డిగ్రీలకన్న దాదాపు 2 డిగ్రీలు తక్కువ చలితో నుండును. అట్టి నీటిలో ఉత్తరధ్రువపు కాడ్ జాతియు, దక్షిణధ్రువపు చేపలును నెత్తురు గడ్డకట్టక బ్రతుకుచున్నవి. రెండింటి రక్తములోను ఇంచుమించు ఒకే విధమైన ప్రోటీను మంచు పెరుగకుండ అడ్డుపడుచున్నది. ఆ చేపలకు అంటార్కిటిక్ కాడ్ అను పేరును కలదు. అయినను అవి కాడ్ వంశమునకు చెందినవి కావు. దక్షిణపు చేపలలో ఆ ప్రోటీను జీర్ణరసమునకు సంబంధించిన పాత జన్యువునుండి పుట్టెనని 1997లో తేలినది. ఉత్తరపు కాడ్‌లో అది పూర్వము జన్యువే కాని డీఎన్ఏ భాగమునుండి పుట్టెనని 2019లో తేలినది. అవసరమొక్కటి, ఫలమొక్కటి, పుట్టుక మాత్రము వేరు.

దీనికి విపర్యయముగా, రూపము కలియని నిజమైన చుట్టము ఒకటి బయటపడినది. మహాసముద్రపు లోతులలో గొట్టమువంటి నోరును, దుర్భిణివంటి కన్నులును, దారమువలె సాగిన తోకయు గల సన్నని చేప యొకటి కలదు. స్టైలెఫోరస్ అను ఈ చేపను 1791లోనే వర్ణించిరి. రిబ్బనువంటి పొడవు చేపల కుటుంబమున అది చిరకాలము పెరిగినది. 2007లో జపాను శాస్త్రజ్ఞులు మియా ప్రభృతులు డీఎన్ఏ పరీక్షించి, కాడ్‌కు అతిసన్నిహితమైన జ్ఞాతి ఇదియేయని చూపిరి. సూతుని యింట పెరిగిన కర్ణుడు పాండవాగ్రజుడని యుద్ధానంతరమున తెలిసినట్లున్నది ఈ కథ. గాలపుచేపలును, కప్పమోము చేపలును ఇట్టి పరీక్షలవలననే దూరపు శాఖకు మరలిపోయినవి.

నేడు కాడ్ గణమున ఐదు వందలకు పైబడిన జాతులున్నవి. హాడక్, హేక్ చేపలు అందలివే. సైబీరియా, ఐరోపా, ఉత్తర అమెరికా నదులలో నివసించు బర్బట్ కూడ ఆ గణములోనిదే. చలికాలమున మంచుపొర క్రింద గ్రుడ్లు పెట్టును. అగాధజలములలోని ఎలుకతోక చేపలును ఈ బంధువర్గమే. బంగాళాఖాతమునకును ఈ వంశముతో సంబంధమున్నది. ఇన్వెస్టిగేటర్ నౌకలో పనిచేసిన ఆల్కాక్ అను వైద్యుడు ఇచ్చటి లోతులనుండి దేవించిన ఎలుకతోక చేపలను వర్ణించి, 1899లో గ్రంథము ప్రకటించెను.

ఈ వంశవిచారము పండితుల వినోదము మాత్రమే కాదు. నార్వే తీరమునకు గ్రుడ్లు పెట్టుటకై దూరపు బారెంట్సు సముద్రమునుండి వచ్చు కాడ్ యొకటి. తీరమును వీడని కాడ్ మరియొకటి. రెండును ఒకే వలలో పడును, పైచూపునకు ఒక్కటే. చెవిలోని రాతి ఆకారమును బట్టి వానిని వేరుపరుపవచ్చునని 1930 దశకమున రొలెఫ్సెన్ కనుగొనెను. వలసవచ్చు చేప సమృద్ధిని చూచి తీరపు చేపనుకూడ అదే లెక్కన పట్టినచో, తక్కువగా నున్నది ముందు నశించును. లెక్క తప్పిన ఫలమేమో కెనడా చూచినది. న్యూఫౌండ్లాండు సమీపమున ఉన్న చేపకన్న ఎక్కువ గలదని అంచనా కట్టి, మితిమీరి వేటాడిరి. 1992 జులై 2న ప్రభుత్వము వేటను నిలిపివేయగా దాదాపు 30,000 మంది బ్రతుకుతెరువు పోయినది. ఆ నిషేధము 2024 వరకు తొలగలేదు.

అడంగలులో ఒకే పొలము రెండు పేర్ల నెక్కినను, ఇరువురి పొలములు ఒకే పేర నెక్కినను కష్టము రైతునకే. చేపల దస్తరమును అట్టిదే. లిన్నేయస్ వ్రాసినదానిని మ్యూలర్ దిద్దెను. మ్యూలర్ వ్రాసినదానిని తరువాతివారు దిద్దిరి. 1966 నాటి పట్టికను డీఎన్ఏ దిద్దినది. పూర్వులు వ్రాసి నిలిపినందుననే తరువాతివారికి దిద్దుటకు వీలు కలిగినది. ఆమ్‌స్టర్‌డామ్ గదిలో ఆర్టెడి వ్రాతలు చివికిపోయినచో ఈ దిద్దుబాటు ఎన్నడు మొదలగునో! బాకీ తీర్చి ఒక వ్రాతప్రతిని విడిపించినవాని పుణ్యము అంతటిది. పుస్తకములను చెదలకు వదలక ఇరువదియైదేండ్లు కాపాడిన ఈ గ్రంథాలయ సేవకుల పుణ్యమును ఆ కోవలోనిదే.