విదేశముల కేగు నర్సులకు

(కదిరిలో నర్సింగు విద్యార్థినుల యెదుట చేసిన ప్రసంగము)



వానలు తప్పిన యీ సీమనుండి జనులు కువైటునకు పోవుట క్రొత్త గాదు. ఇప్పుడు మీరును వైద్యసేవ నేర్చి పోదలచినారు. సంతోషము. కాని చేతనున్న పట్టా యొక్కటియే చాలునా?

రోగి మాట తెలియనిచో రోగము తెలియదు. "కడుపులో దేవుతాంది" అని మన అవ్వ చెప్పినచో పరదేశపు నర్సు కేమి బోధపడును? జర్మను వృద్ధురాలి మొర మీకును అట్టిదే. కనుకనే ఆ దేశమున నర్సుగా గుర్తింపు పొందుటకు సాధారణముగా బీ-2 స్థాయి జర్మను భాష రావలెను. 1938లో కాంగ్రెసు చైనాకు పంపిన అయిదుగురు వైద్యులలో ద్వారకానాథ కోట్నీసు చీనా భాష నేర్చి, అచ్చటి శిష్యులకు శస్త్రవిద్య బోధించి, 1942లో అచ్చటనే అసువులు బాసెను.

రెండవ మాట న్యాయవాదిగా చెప్పుచున్నాను. జీతమెంత, పనివేళలెన్ని, నడుమ మానినచో చెల్లింపవలసిన దెంత? ఇవి చదువక ఒడంబడికపై చేవ్రాలు చేయకుడు. నకలొకటి యింట నుంచుడు. కువైటు, సౌదీ అరేబియా మొదలగు 18 దేశములకు నర్సుల నియామకము ప్రభుత్వ సంస్థల ద్వారానే జరుగవలెనని 2015లో భారత ప్రభుత్వము కట్టడి చేసెను. అట్లుండగా పొలము తాకట్టుపెట్టి దళారికి సొమ్మిచ్చుట యెందులకు?

కావున మన నర్సింగు పాఠశాలలు భాషను, ఒడంబడికను చదువుటను గూడ పాఠములుగా చేర్పవలెను. అప్పుచేసి చదివించిన తల్లిదండ్రులకు మీ తొలిజీతము పాత ఋణము తీర్పవలెను గాని క్రొత్త ఋణము తేరాదు.