తీర్థయాత్ర – దారి ఇచ్చు ధర్మము





ఈ దినమున తీర్థయాత్రా మాహాత్మ్యమును గూర్చి ప్రసంగింపుమని ధర్మకర్తలు మమ్ము కోరినారు. వేదిక పైకి ఎక్కించుటకు నలుగురు యువకులను కూడ సిద్ధముగా ఉంచినారు. మేము వలదంటిమి. మైకును క్రిందికి తెప్పించి, మీ నడుమనే మా చక్రాల కుర్చీలో కూర్చుండి మాటలాడుచున్నాము. వెనుక వరుసలలోని తల్లులకు మా ముఖము కనబడకపోవచ్చును. మన్నింపుడు. డెబ్బదినాలుగేండ్ల ముఖములో చూడదగినది పెద్దగా లేదు. మాట వినబడిన చాలును.

ముందుగా మా అపరాధమొకటి చెప్పుకొనవలసి యున్నది.

సుమారు పాతికేండ్ల క్రిందట, మరియొక ఊరిలో, ఈ విషయము పైననే మేము మూడు దినములు ప్రవచనము చేసితిమి. కాలినడకన చేసిన యాత్రకే పూర్ణఫలమనియు, వాహనమెక్కి పోవువానికి ఆ ఫలము దక్కదనియు పురాణ ప్రమాణములతో ఘంటాపథముగా చెప్పితిమి. సభ ముగిసిన పిదప, చేతితో త్రిప్పు మూడు చక్రముల బండిలో ఒక నడివయస్కుడు మా వద్దకు వచ్చినాడు. పోలియో వలన రెండు కాళ్ళును చచ్చుబడినవాడు. "అయ్యగారూ, నాలాంటోడు కాశీకి పోతే ఫలం దక్కదాండీ?" అని అడిగినాడు. మేము తడుముకొనలేదు. "నాయనా, నీకు మానస తీర్థములున్నవి. సత్యము తీర్థమే, క్షమ తీర్థమే, ఇంద్రియ నిగ్రహము తీర్థమే. ఇంటనే యుండి వానిలో స్నానము చేయుము" అంటిమి. సమాధానము బాగుగనే యున్నదని మాకు తోచినది. చుట్టునున్నవారును తలలూపిరి. అతడు చేతులు జోడించి బండి మరలించుకొనెను. అక్కడ నేల ఇసుక. చక్రములు దిగబడి మరలుటకు చాలసేపు పట్టినది. ఎవరైన తోసినారా లేదా మేము చూడలేదు. మాకు పాలు తెచ్చి ఇచ్చిరి, త్రాగుచుంటిమి.

2019వ సంవత్సరము కార్తిక మాసములో గోదావరి స్నానమునకు పోయి, నాచు పట్టిన మెట్టుపై మేము జారిపడితిమి. తుంటి ఎముక విరిగినది. వెన్నెముకకును దెబ్బ తగిలినది. శస్త్రచికిత్స జరిగినది గాని కాళ్ళు తిరిగి మా మాట వినలేదు. నాటి నుండి ఈ కుర్చీయే మా పాదములు. రెండేండ్లు ఇల్లు కదలక మానస తీర్థములలోనే మునిగితిమి. మానస తీర్థము గొప్పదే, కాదనుట లేదు. కాని దానిని తానుగా ఎన్నుకొనుట వేరు, వెలుపలి ద్వారము మూసి "అందులోనే యుండుము" అని ఇతరులు చెప్పుట వేరు. ఆ మనిషికి మేము చేసినది రెండవది. పేరైనను అడుగలేదు. తరువాత ఆ ఊరిలో విచారింపజేసితిమి, జాడ తెలియలేదు.

2022లో మనుమని తోడు చేసికొని మరల యాత్రలకు బయలుదేరితిమి. నడిచి తిరిగిన దినములలో మాకు కంటబడనివి అప్పుడు కనబడినవి. మామూలు రైలు పెట్టె తలుపు గుండ ఈ కుర్చీ దూరదు. వికలాంగులకై కేటాయించిన పెట్టెకు తలుపు వెడల్పే గాని, అది సాధారణముగ రైలు కొనయందుండును. రైలు నిలుచునది రెండు నిమిషములు. ఒక స్టేషనులో లిఫ్టు పనిచేయలేదు. సామాను బండ్లు దాటు దారిన, పట్టాల మీదుగా మమ్ము తోసికొని పోయిరి. మరియొకచోట ఇద్దరు కూలీలు చంకల క్రింద చేతులు వేసి, బియ్యపు బస్తాను వేసినట్లు పెట్టెలోనికి వేసిరి. వారి తప్పేమియు లేదు. వారు దయ గలవారే. కాని పంచె తొలగినది. నలుగురు చూచుచుండగా దానిని సరిచేసికొనుటకు మాకు చేతులు ఖాళీ లేవు.

ఇంకొక మాట సభలో చెప్పుటకు సంకోచముగా నున్నది, ఐనను చెప్పవలెను. ప్రయాణము నాడు మేము తెల్లవారుజాము నుండి నీరు త్రాగము. కుర్చీ పట్టు మరుగుదొడ్డి దారిలో ఉండునో ఉండదో తెలియదు గనుక. మండు వేసవిలో ఒకమారు అట్లే స్పృహ తప్పితిమి. దర్శనమునకై చేయు ఉపవాసమునకు పుణ్యమున్నదని శాస్త్రములు చెప్పుచున్నవి. ఈ ఉపవాసమునకు ఏ శాస్త్రమును ఫలము చెప్పలేదు.

వీని యన్నిటికంటె బాధించునది, ఎవరును మాతో మాటలాడకపోవుట. "పెద్దాయనకు టిక్కెట్టు ఉందా?" అని మనుమని అడుగుదురు. "పెద్దాయన ఏం తింటారు?" అని మనుమని అడుగుదురు. నాలుగు కాండలు కంఠస్థమైన నోరు ఇక్కడనే యున్నది, మమ్మడుగరాదా అని మనసున అనుకొందుము. కొంచెము గర్వమే, ఒప్పుకొనుచున్నాము.

ఇక శాస్త్ర విషయము. మేము నాడు చెప్పిన ప్రమాణము మత్స్యపురాణములోనిది. ప్రయాగ యాత్రను గూర్చినది. ఇల్లు కదలలేని ఆ రెండేండ్లలో దానిని మరల చదివితిమి. వాహనముపై పోయిన ఫలము లేదన్నది నిజమే. కాని ఎట్టివానికి? ఐశ్వర్య గర్వముచేతనో, లోభముచేతనో, మోహముచేతనో ఎక్కిపోవువానికి. ఆ మొదటి పదములను మేము గ్రుక్కలో మ్రింగి, చివరి మాటను మాత్రము గట్టిగా పలికితిమి. కాళ్ళు లేనివాని బండిలో ఐశ్వర్య గర్వమెక్కడిది?

మా సూత్రము ఆపస్తంబము. పన్నెండవ ఏట పాఠశాలలో గురువుగారి యెదుట ధర్మసూత్రములను వల్లించితిమి. దారిలో ఇద్దరు ఎదురుపడినప్పుడు ఎవరు తొలగవలెనో అందు చెప్పబడినది. రాజైనను బ్రాహ్మణునికి దారి ఇయ్యవలెనన్న ముక్క మాత్రము మాకు చక్కగా జ్ఞాపకముండెడిది. పిల్లలము, అది నచ్చెడిది. దాని వెంటనే యున్న వాక్యము నోటికి వచ్చునే గాని బుద్ధికి ఎక్కలేదు. వాహనమున పోవువానికి, బరువు మోయువానికి, రోగికి, స్త్రీకి అందరును దారి విడువవలెనని దాని తాత్పర్యము. 'అందరును' అన్నారు. గౌతముల వారును, మనువును ఇట్టి పట్టికనే చెప్పుచు మొట్టమొదట ఎవరిని పేర్కొనిరో తెలియునా? 'చక్రి'ని. చక్రములు గల బండి మీద పోవువాడని వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. వారి మనసులో నున్నది రథమో శకటమో గావచ్చును. ఈ కుర్చీని వారెరుగరు. అయినను ఆ పదమును చూచి మేము పుస్తకము మూసి చాలసేపు అట్లే కూర్చుంటిమి. మనువు ఆ వెనువెంటనే తొంబదేండ్లు దాటిన ముదుసలిని చెప్పెను. చక్రి ఐతిమి, ముదుసలి పదవికి ఇంకను పదునారేండ్లున్నవి.

ఇందులో గమనింపవలసినది యొకటి. ఈ వచనములు దానప్రకరణములోనివి కావు. దారి ఇచ్చుటను భిక్ష వేయుటగా ఋషులు చెప్పలేదు. ఎవని దారి వానికి విడుచుటగా చెప్పిరి. భారతము వనపర్వములో అష్టావక్రుని కథ కలదు. ఎనిమిది వంకరలుగల ఆ బాలుడు జనకుని యజ్ఞమునకు పోవుచుండగా రాజపరివారము త్రోవలో తొలగుమన్నది. అంధునికి, బధిరునికి, బరువు మోయువానికి దారి ఉన్నదని అతడు ధర్మమునెత్తి, బ్రాహ్మణునిగా తన హక్కును నిలిపెను. తన వంకరలను చూపి జాలి కోరలేదు. జనకుడును జాలిపడలేదు, దారి ఇచ్చెను. తరువాత యజ్ఞశాల వాకిట ద్వారపాలకుడు, పెద్దలకే గాని బాలురకు ప్రవేశము లేదని మరల నిలిపెను. అక్కడను వాదించియే లోనికి పోయెను. ఆనాటికిని ద్వారము వద్దనే చిక్కు.

అరసవల్లికి పోయినప్పుడు మా మనుమడు సూర్యనారాయణ స్వామి పాదపీఠము వంక చూపి, "తాతగారూ, గుర్రాలు తోలుతున్నది ఎవరు?" అని అడిగినాడు. అనూరుడు. తొడలు లేనివాడని ఆ పేరునకే అర్థము. తల్లి వినత తొందరపడి గ్రుడ్డును చితుకగొట్టగా, నడుము వరకే రూపము ఏర్పడి పుట్టినవాడు. అట్టివానిని దేవతలు ఇంట కూర్చుండి మానస తీర్థములలో మునుగుమనలేదు. సూర్యరథమునకు సారథిని చేసిరి. లోకములో దినదినమును అందరికంటె ఎక్కువ దూరము ప్రయాణము చేయువాడు, తొడలు లేని ఆ అరుణుడే. రథమున్నది, ఆకాశములో మెట్లు లేవు.

మీరు "స్వామీ, చట్టములున్నవి గదా" అనవచ్చును. ఉన్నవి. 1995లో ఒక చట్టము వచ్చినది. దాని స్థానములో 2016లో మరింత విస్తృతమైన వికలాంగుల హక్కుల చట్టము వచ్చినది. ప్రజలు వచ్చు భవనములు, రైళ్ళు, బస్సులు అందరికి అందుబాటులో ఉండవలెనని అది చెప్పుచున్నది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ ప్రమాణములు సిఫారసులుగా మిగులరాదనియు, తప్పక పాటింపదగినవిగా ఉండవలెననియు తీర్పు చెప్పినది. మీమాంసకుల భాషలో చెప్పిన, ఇది అర్థవాదము కాదు, విధి. మనము మాత్రము చాలచోట్ల దీనిని అర్థవాదముగనే చదువుచున్నాము. వికలాంగులన్న పేరు తీసి దివ్యాంగులని పిలుచుచున్నారు, సంతోషము. మెట్టు ఎత్తు మాత్రము తగ్గలేదు.

మంచి జరిగినచోట మంచిని చెప్పవలెను. తిరుమలలో 65 ఏండ్లు దాటినవారికిని వికలాంగులకును ప్రత్యేక దర్శన సదుపాయమున్నది. బెజవాడ కనకదుర్గమ్మ సన్నిధికి మహామండపము నుండి లిఫ్టు కలదు. తోడు లేక ప్రయాణింపజాలని వికలాంగునికి రైలులో స్లీపరు తరగతిలోను, మూడవ శ్రేణి ఏసీలోను చార్జీ 75 శాతము తగ్గింపు. తోడు వచ్చువానికిని అంతే. వైద్యుల ధ్రువపత్రముతో రైల్వేవారి కార్డు పొందవలెను. ఇది తెలియక పూర్తి చార్జీ ఇచ్చుకొనుచున్నవారు మీలోనే యుండవచ్చును, అందుకే చెప్పితిమి. కేదారము వంటి కొండలకు డోలీలున్నవి. అవి మోయువారి భుజములపై కాయలు చూచినవారికి వానిలో కూర్చుండుట సులభము కాదు. ఋషుల పట్టికలో బరువు మోయువానికిని దారి హక్కు ఉన్నదని మరువకుడు. డోలీ వచ్చునప్పుడు తొలగుడు. ఫోటో తీయుటకు నిలువకుడు.

ఇక దేవాలయము. మేము వేదము చదివినవారము, ఆగమము మా చదువు కాదు. కనుక తెలిసిన అర్చకస్వాములను అడిగియే చెప్పుచున్నాము. వీధిలో తిరిగిన చక్రములు మండపమునకు ఎట్లు తగునని కొందరి సందేహము. వీధిలో తిరిగిన పాదములను కడిగికొని వచ్చుట లేదా? చక్రములను అట్లే కడుగవచ్చును. లేదా ఆలయమువారే లోపల వేరుగ రెండు కుర్చీలు ఉంచి, వాకిట మార్పించవచ్చును. కుర్చీ తోలుదేమో యందురు. ఇది రెక్సిను, తడిమి చూడుడు. గడపను తీసివేయుమని మేము అడుగుట లేదు. గడప లక్ష్మీస్థానము, దానిని ఎవరును ముట్టనక్కరలేదు. ఇరువైపుల వాలుగ దిగు చెక్కపలకను దానిపై వంతెనవలె వేసి, పని తీరగానే తీయవచ్చును. గర్భాలయములోనికి పోవలెనని మేము ఆశపడము. కాళ్ళున్న మీకును అది లేదు. మండపములో పదిమందితో పాటు ఉండనిండు, చాలును. మెట్టు ఎక్కలేనివారి కొరకు స్వామియే ఉత్సవమూర్తియై వీధిలోనికి వచ్చుచున్నాడని పెద్దలు చెప్పుదురు. అదియును చక్రముల మీదనే గదా.

వాలుబాట కట్టునప్పుడు ఒక లెక్క గుర్తుంచుకొనుడు. అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవు. దీనికి తగ్గిన యెడల అది వాలుబాట కాదు, జారుడుబల్ల. చాలచోట్ల మేము చూచినది జారుడుబల్లయే. ఒక క్షేత్రములో, పేరు వలదు, రెండడుగుల ఎత్తునకు ఆరడుగుల పొడవున సిమెంటు పోసి, ప్రక్కన దాత పేరు చలువరాతిపై చెక్కించిరి. దిగునప్పుడు మా మనుమడు వెనుకకు వంగి పట్టుకొనకున్న, మేము తిన్నగా కొబ్బరికాయల దుకాణములో పడియుందుము. కట్టుటకు ముందు కుర్చీలో తిరుగువానిని ఒకనిని పిలిచి ఎక్కింపుడు. దిగి కూడ చూపుమనుడు.

మన ఆలయము ఉత్తర ద్వారమున రెండు మెట్లున్నవి. మనుమనిచేత కొలిపించితిమి, ఒక్కొక్కటి ఆరంగుళములు. వెరసి అడుగు. పన్నెండడుగుల పలక, రెండు ప్రక్కల పట్టుకమ్ములు కావలెను. ధర్మకర్తలు అంగీకరించి, రేపు ఉదయము ఎనిమిది గంటలకు వడ్రంగిని పిలిపించినారు. మేమును అక్కడ ఉందుము. మీ ఇండ్లలో మంచమునకో కుర్చీకో పరిమితమై, ఈ ఆలయమును చూచి ఏండ్లు గడచినవారు ఎవరైన ఉన్న యెడల, వారి పేర్లు ఈ రాత్రియే కార్యాలయములో వ్రాయించి పొండు. పలక ఎంత వెడల్పుండవలెనో వారి కుర్చీలను చూచి నిర్ణయింతుము.

స్వస్తి.