వేలిముద్ర కూడా అమానతే
(పెగడపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేడు నేను ప్రస్తావించే విషయం మన ఊరికి సంబంధించినది కాదేమోనని తొలుత అనిపించవచ్చు. వెబ్‌సైట్లు, సర్వర్లు, సమాచార భద్రత అనగానే అదంతా హైటెక్ సిటీ వ్యవహారమని మనం భావిస్తాము. కాని ఈ విషయంలో దేశమంతటా చర్చకు వచ్చిన ఒక ఉదంతానికి మూలం మన పొరుగునే ఉన్న ధర్మారం.

2018 జూన్ మాసంలో ధర్మారానికి చెందిన ఒక సిమ్ కార్డుల పంపిణీదారుని పోలీసులు అరెస్టు చేశారు. ఆనాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో భూముల దస్తావేజుల నకళ్ళు ఎవరికైనా లభించేవి. వాటిలో క్రయవిక్రయదారుల పేర్లు, ఆధార్ సంఖ్యలు, వేలిముద్రలు కూడా ఉండేవి. అతడు ఆ నకళ్ళను దించుకొని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ వేలిముద్రలకు అచ్చులు తీసి, వాటి సాయంతో వేల సంఖ్యలో సిమ్ కార్డులను ఇతరుల పేర్లమీద చాలూ చేశాడని పోలీసులు వెల్లడించారు. అమ్మకాల లక్ష్యం పూర్తి చేయడానికే ఇదంతా చేశాడట.

ఇందులో ఆ రైతులు చేసిన తప్పేమిటి? సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్ళి, చట్టం అడిగినచోట బొటనవేలు అద్దారు, అంతే. తమ పేరుమీద ఎక్కడో ఒక ఫోను మోగుతున్నదని వారికి తెలియదు. తాళంచెవి పోతే తాళం మార్చుకోవచ్చు. పాస్‌వర్డు పోతే మరొకటి పెట్టుకోవచ్చు. బొటనవేలు పోగొట్టుకున్నవాడు ఏ దుకాణంలో మరొకటి కొనగలడు?

మిత్రులారా, మన సంప్రదాయంలో అమానత్ అనే గొప్ప మాట ఉంది. నమ్మి అప్పగించిన వస్తువు అమానత్. దానిని అడిగిన పనికే వాడాలి, పని తీరగానే తిరిగి ఇవ్వాలి, మధ్యలో మరొకరి చేతికి చిక్కనివ్వరాదు. మనం ఒక కార్యాలయానికి, ఒక కంపెనీకి, ఒక వెబ్‌సైటుకు ఇచ్చే సమాచారం కూడా అటువంటిదే. అది వారి సొత్తు కాదు, వారి దగ్గర ఉంచిన మన సొత్తు.

షాదీ ముబారక్ దరఖాస్తును గుర్తు చేసుకోండి. 2014లో మొదలైన ఈ పథకం కింద నేడు 1,00,116 రూపాయలు అందుతున్నాయి. ఆ సాయం కోసం ఆడపిల్ల ఫోటో, ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా వివరాలు, ఆదాయ ధ్రువపత్రం ఆన్‌లైనులో ఎక్కించాలి. చాలామంది ఈ పనిని ఏదో ఒక ఇంటర్నెట్ దుకాణంలో చేయిస్తారు. దరఖాస్తు వెళ్ళిపోతుంది. ఆ ఫోటో మాత్రం దుకాణపు కంప్యూటరులోనే మిగిలిపోతుంది. గల్ఫ్‌కు పోయేవారి సంగతీ ఇంతే. పాస్‌పోర్టు మొదటి పుట, చివరి పుట వాట్సాప్‌లో ఎందరు ఏజెంట్ల చేతులు మారుతున్నాయో ఎవరికి ఎరుక?

ఒక ఫోటో అపరిచితుని చేతిలో పడితే ఏమవుతుందని తేలికగా తీసుకోరాదు. 2021 జూలైలో, మళ్ళీ 2022 జనవరిలో, ముస్లిం మహిళల ఫోటోలను వారి సామాజిక మాధ్యమ ఖాతాల నుండి తీసుకొని, గిట్‌హబ్ అనే వేదికపై వేలం సరుకుగా ప్రదర్శించారు. వారిలో పాత్రికేయులు, న్యాయవాదులు ఉన్నారు. ఆ ఫోటోలను వారు దాచుకోలేదు, సగర్వంగానే పెట్టుకున్నారు. నేరం ఫోటో పెట్టుకున్నవారిది కాదు, దొంగిలించినవారిది. ఈ తేడాను మన ఇళ్ళలో ముందుగా స్పష్టం చేయాలి. లేనిచో భద్రత పేరిట ఆడపిల్లల చేతిలోని ఫోనును లాక్కోవడమే మనం నేర్చుకున్న పాఠం అవుతుంది.

అయితే వివరాలు ఇవ్వడమే మానేద్దామా? వద్దు. లెక్కలు లేనిదే హక్కులు లేవు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక మన వెనుకబాటును అంకెలతోనే దేశం ముందుంచింది. తెలంగాణలో సుధీర్ కమిషన్ చేసిన పని కూడా అదే. కనుక గణనకు వచ్చిన ఉద్యోగిని గడప నుండి వెనక్కు పంపడం మనకే నష్టం. మనం అడగవలసింది వేరు: ఈ వివరాలు ఎందుకు, ఎవరి దగ్గర ఉంటాయి, ఎంతకాలం ఉంటాయి, ఎవరు చూస్తారు? 2024 జనవరిలో ప్రజాపాలన దరఖాస్తులు హైదరాబాదు బాలానగర్ ఫ్లైఓవర్‌పై చెల్లాచెదురుగా పడి ఉండగా జనం చూశారు. ఆశతో రాసి ఇచ్చిన కాగితాలు బండి చక్రాల కింద పడినవేళ, ఈ ప్రశ్నలు అడగడం పౌరుని బాధ్యత కాదా?

చట్టం మనకు తోడుగా ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి అడిగేటప్పుడు ఏ వివరం ఎందుకో నోటీసులో చెప్పాలి. ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో చదువుకునే వీలుండాలి. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకోవచ్చు, తప్పులు దిద్దించవచ్చు, అవసరం తీరిన సమాచారాన్ని తొలగించమని కోరవచ్చు. భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు ఆపై 18 నెలలకు అమలులోకి వస్తాయి.

లోపాలనూ చెప్పుకోవాలి. కేంద్రం నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలకు ఈ చట్టం నుండి మినహాయింపు ఇవ్వవచ్చు. నిఘా భయం అధికంగా ఉన్న సమాజానికి ఇది చిన్న విషయం కాదు. 2021 మేలో లాక్‌డౌన్ వేళ హైదరాబాదు పోలీసులు దారిలో ఆపి ఫోటో తీసినందుకు సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టును ఆశ్రయించారు. ముఖ గుర్తింపు పరిజ్ఞానాన్ని ఏ చట్టం కింద వాడుతున్నారని ప్రశ్నించారు. ఒక పౌరుడు అడిగిన ఆ ప్రశ్న మనందరిదీ.

ఇక మన చేతిలోని పనులు. ఆధార్ వెబ్‌సైటులో గాని, యాప్‌లో గాని వేలిముద్రలకు తాళం వేసుకొని, అవసరమైనప్పుడే తీయండి. వీలైనచోట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ ఇస్తే దానిపై తేదీ, ఏ పనికో రాయండి. ఆన్‌లైన్ దుకాణంలో పని ముగిశాక మీ ఫైళ్ళను మీ కళ్ళెదుటే చెరిపించి లేవండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి. చదువుకున్న యువకులు జుమా తరువాత ఒక గంట కూర్చొని, పెద్దలకు ఈ తాళం వేసిపెడితే అదే గొప్ప సేవ.

మన తాతలు నిశానీ వేసేముందు కాగితం చదివి వినిపించమని అడిగేవారు. చదువు రాకున్నా ఆ హక్కును వారు వదులుకోలేదు. చదువు వచ్చిన మనం, తెరపై ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేముందు ఆ మాత్రం అడగలేమా?