గ్రంథమునకు ప్రతియే రక్ష



గ్రంథమునకు ప్రతియే రక్ష. తాటియాకుల కాలమున చెదలును తేమయు కబళింపగా మిగిలిన కావ్యములు, ప్రతులు వ్రాసిన లేఖకుల పుణ్యమున మిగిలినవే. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను దొర కడపలో పండితులను నియమించి, ప్రతులు వ్రాయించుటయేగాక, వానిని ఒకదానితో నొకటి పోల్చి సరిచూపించెను.

నేడు పుటల ఛాయాచిత్రములు హార్డ్‌డిస్కులలో చేరుచున్నవి. తాటియాకు మారినది గాని భయము మారలేదు. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుపానును నెల్లూరు సీమ మరువలేదు. హెచ్చరిక వచ్చిన పిదప దొరకునది కొన్ని గంటల వ్యవధియే. కరెంటు ఎప్పుడు పోవునో తెలియదు. కావున ఒక డిస్కు నుండి మరియొక డిస్కునకు ప్రతి తీయుటలో వేగము విలాసము కాదు, అవసరము.

ఆ వేగమును నిర్ణయించునది మార్గములోని మిక్కిలి ఇరుకైన చోటు. కాలువ ఎంత వెడల్పైనను, చేనికి పారు నీరు తూమునకు తగినంతయే. 2000వ సంవత్సరమున వచ్చిన యు.ఎస్.బి. 2 మార్గమునకు సెకనుకు 48 కోట్ల బిట్లు పరమావధి. ఆచరణలో సుమారు 35 మెగాబైట్లు సాగును. 2008లో వచ్చిన యు.ఎస్.బి. 3 మార్గము దానికి పది రెట్లు పెద్దది. అందు సామాన్యమైన డిస్కు సెకనుకు సుమారు 100 మెగాబైట్లను అందింపగలదు. 500 గిగాబైట్ల గ్రంథరాశికి మొదటి మార్గమున నాలుగు గంటలు పట్టగా, రెండవ మార్గమున గంటన్నర లోపుననే పని ముగియును. అయితే రెండు డిస్కులు, తీగలు, కంప్యూటరు రంధ్రములు అన్నియు కొత్త తరమువై యుండవలెను. ఒక్కటి పాతదైనను వేగము పాతదే. రెండు డిస్కులను ఒకే హబ్బునకు తగిలించినచో అవి ఒకే దారిని పంచుకొనును గనుక, వేరు వేరు రంధ్రములకు తగిలించుట మేలు.

రెండవ ఆటంకము చిన్న ఫైళ్లు. ప్రతి ఫైలునకును పేరు, చోటు నమోదు చేయవలెను. అందులకై డిస్కులోని ముల్లు అటునిటు కదలుచుండును. పడవలోని చేపలను ఒక్కొక్కటిగా ఒడ్డునకు మోయువాడు లేడు, గంపకెత్తి మోయుదురు. అట్లే వేలకొలది పుటలను ఒక్క మూటఫైలుగా కట్టి పంపవలెను. ఛాయాచిత్రములు ముందే కుదించబడినవి గనుక, వానిని మరల కుదింప యత్నించుట కాలహరణము. ఫ్యాట్ 32 పద్ధతిలో సిద్ధపరచిన డిస్కులో 4 గిగాబైట్లను మించిన ఫైలు ఇమడదను సంగతియు గుర్తుండవలెను.

వేగముతో పని ముగియదు. బ్రౌను దొర పండితులు చేసిన సరిచూపు నేటికిని విధియే. మూలమునకును ప్రతికిని చెక్‌సమ్ అను సంఖ్యను లెక్కకట్టి పోల్చవలెను. అవి సమానమైననే ప్రతి సిద్ధించినట్లు. పిమ్మట కంప్యూటరు అనుమతించిన తరువాతనే తీగను ఊడదీయవలెను.

కడపటి మాట. రెండు డిస్కులును ఒకే బీరువాలో నున్నచో, ఉప్పెనకు అవి రెండు కావు, ఒక్కటే. ఒకటి ఊరిలోను, ఒకటి తీరమునకు దూరముగా మెట్టప్రాంతమునను ఉండవలెను. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటి పాఠకులకు ఈయగల కానుక అదియే.