నోటి పుండు, దవడ దెబ్బ – ఏ డాక్టరును వెదకవలెను?
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలో నోటి వ్యాధుల మాట ఎత్తగానే సభలోని వారందరు గారపండ్లను తలచుకొందురు. అందు వింత లేదు. బావినీటిలో, బోరునీటిలో ఫ్లోరైడు మోతాదు మించుటవలన తరతరముల వారి పండ్లు పసుపుబారి, గోధుమవన్నె తిరిగి, గుంటలు పడినవి. మన దేశమున ఈ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు మొదట గుర్తించిరి. పిదప నల్లగొండ దానికి మారుపేరైనది. పటికను, సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమును నాగపూరులోని పరిశోధనాసంస్థవారు రూపొందించి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనియే పేరు పెట్టిరి. ఒక జిల్లా తన కష్టమువలన శాస్త్రగ్రంథముల కెక్కుట మనకు గర్వకారణమో కాదో నేను చెప్పజాలను.

అయితే నేడు నీటిని గూర్చి కాక, ఆ నీటివలన మనకు పట్టుబడిన ఒక అలవాటును గూర్చి మనవి చేయదలచితిని. నోటిలో ఏమి వచ్చినను “నీళ్ళ దోషము, ఏమి చేయగలము?” అని ఊరకుండుట మనకు పరిపాటియైనది. నేనెరిగిన ఒక పెద్దమనిషికి బుగ్గలోపల విరిగిన పన్ను ఒరయుచోట చిన్న పుండు లేచినది. అతనికి చిన్ననాటినుండి గారపండ్లే. ఇంటివారు ఇదియు నీటి దోషమేయనిరి. ఊరి వైద్యుడు బలము బిళ్ళలిచ్చెను. నాలుగు నెలలు గడచినవి. పట్టణములో దవడ డాక్టరు చూచునాటికి పుండు దవడ ఎముకకు పాకియుండెను. ప్రాణము దక్కినది గాని దవడలో ఒక భాగమును తీసివేయవలసివచ్చినది. రెండు మూడు వారములకే వచ్చియుండినచో చిన్న ఆపరేషనుతో పోయెడిదని ఆ డాక్టరు చెప్పిన మాట నేటికిని నా చెవులలోనున్నది.

ఇచట ఒక సంగతి గట్టిగా తెలిసికొనవలెను. గార యనునది పసితనమున, పన్ను ఇంకను చిగురులోపల తయారగునపుడు పట్టునది. సుమారు ఎనిమిదేండ్ల తరువాత నోటిలోని ముందరి పండ్లకు అది క్రొత్తగా పట్టదు. కావున నలుబదేండ్లవానికి నోటిలో క్రొత్తగా లేచిన పుండుకు గార కారణము కానేరదు. గారపండ్లకు మామూలు దంతవైద్యుడు, అనగా బి.డి.ఎస్. చదివినవాడు చాలును. పిప్పిపన్నుకును అతడే చాలును. దానికై హైదరాబాదు పోయి డబ్బు వ్యయపరచుకొన నక్కరలేదు.

మరి దవడ డాక్టరెవరు? బి.డి.ఎస్. పిదప మూడేండ్లు ఎం.డి.ఎస్. చదివి, నోరు, దవడ, ముఖపు ఎముకల శస్త్రచికిత్స నేర్చినవాడు. బోర్డుమీద ‘ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్’ అని యుండును. ఎం.డి.ఎస్. అని చూచి సంతృప్తిపడరాదు. అందు శాఖలు పెక్కు కలవు. ఒకరు వంకరపండ్లు సరిచేయుదురు, ఒకరు చిగుళ్ళు చూతురు, మరొకరు పిల్లల పండ్లు చూతురు. “అయ్యా, తమరిది ఏ శాఖ?” అని అడుగుటలో తప్పు లేదు. 1948 నాటి దంతవైద్యుల చట్టము వచ్చినది మొదలు దంతవైద్యుల పేర్లు నమోదగుచున్నవి. నమోదు సంఖ్య అడిగినచో నిజమైన డాక్టరు కోపపడడు.

రెండు వారములు దాటినను మానని పుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, మెడలో గట్టి గడ్డ – ఇవి కనబడినచో ఆ డాక్టరు వద్దకు పంపవలెను. గుట్కా, వక్కపొడి నములువారికి మిరపకారము తగులగానే నోరు భగ్గుమని మండును. క్రమముగా బుగ్గలు బిగిసి మూడువ్రేళ్ళు పట్టవలసిన నోటిలో ఒక వ్రేలును పట్టకుండును. నొప్పి లేదు గదా యని మన యువకులు దీనిని దాచుచున్నారు. ఇది క్యాన్సరుకు దారితీయగల వ్యాధి.

దవడ క్రింద వాపు వచ్చి మ్రింగుట, ఊపిరి పీల్చుట కష్టమైనచో గంటలు లెక్కింపవలెను గాని దినములు కాదు. కాపడము పెట్టుచు కూర్చుండక, వెంటనే 108కి కబురుచేసి పెద్ద ఆసుపత్రికి చేర్చుడు.

కల్లుగీత సోదరుడు తాటిచెట్టునుండి జారినను, మోటారుసైకిలు బోల్తాపడినను మొదట తల సంగతి చూడవలెను. స్పృహ తప్పినవానిని పండ్ల క్లినికుకు కొనిపోరాదు. స్పృహయున్నవానిని పండ్లు కరచి చూపుమనుడు; పై వరుస క్రింది వరుస మునుపటివలె కలియకున్నచో దవడ విరిగినదని అనుమానింపవలెను. పిల్లవాడు బోర్లపడి గడ్డము చీరుకొన్నపుడు నాలుగు కుట్లు వేసి ఇంటికి పంపుట నేను పలుమార్లు చూచితిని. దెబ్బ గడ్డమునకు తగిలినను విరుగునది చెవి ముందరి కీలు కావచ్చును. అది కనిపెట్టకపోయినచో కొంతకాలమునకు కీలు అతుకుకొనిపోయి నోరు తెరువరాదు, దవడ పెరుగదు. గడ్డము చీరిన ప్రతి బిడ్డకు దవడ ఫొటో తీయించుమని మీరు పట్టుబట్టవలెను.

ఎచటికి పంపవలెను? నల్లగొండ వైపువారికి నార్కెట్‌పల్లిలోను, మహబూబ్‌నగరు వైపువారికి ఆ పట్టణమునందును దంతవైద్య కళాశాలలు కలవు. కళాశాలయన్నచో అన్ని శాఖలవారును ఒకేచోట దొరకుదురు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ నందు ఉస్మానియా ఆసుపత్రి సమీపమున ప్రభుత్వ దంతవైద్య కళాశాల యున్నది. క్యాన్సరని తేలినచో 1955లో వెలసిన ఎం.ఎన్.జె. ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లో కలదు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న తొలుత ప్రారంభించిన మూడు జిల్లాలలో మహబూబ్‌నగరు ఒకటి. కావున ఆ పథకము మనకు క్రొత్త కాదు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఈ చికిత్స జాబితాలో కలదా యని ఆపరేషనుకు ముందే అడుగవలెను, పిదప కాదు.

రోగితో పంపు కాగితముపై పుండు ఏ తేదీని మొదట కనబడినదో వ్రాసియిండు. డాక్టరు మొదట అడుగునది అదియే; మనవారు చెప్పలేనిదియు అదియే. అట్లే మీ ఊర గ్రహణమొఱ్ఱితో బిడ్డ పుట్టినచో తల్లిని నిందింపనీయకుడు. పెదవికి మూడు నుండి ఆరు నెలలలోపున, అంగిలికి ఏడాది ప్రాంతమున శస్త్రచికిత్స చేయుదురు. మాటలు వచ్చుటకు ముందే అంగిలి మూసినచో మాట స్పష్టముగా వచ్చును గనుక, పురుడు వచ్చిన వారములోనే ఆశా కార్యకర్త ద్వారా ఆ బిడ్డ పేరు వ్రాయించి, ఆసుపత్రి తేదీ తీసికొనుడు.